బదనిక కాని బదనిక

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకు ఆ మాట గుర్తుండే ఉంటుంది. 'వెలమిన్ వేర్లు... ఉదా: వాండా'. గాలిలో వేలాడే వేళ్ళు, వాటి మీద స్పాంజిలాంటి పొర. నాలుగు వాక్యాలు రాసి పక్కన బొమ్మ గీస్తే మార్కులు పడిపోతాయి. పరీక్ష అయ్యాక వాండాతో పని తీరిపోతుంది. అదేదో ఎడతెగని వానలు కురిసే పరాయిదేశపు అడవిలో పెరుగుతుందనీ, మనకు కనిపించేది కాదనీ అనుకునేవాళ్ళే ఎక్కువ. వేసవి సెలవులకు తాతగారి ఊరెళ్ళి మామిడితోటలో మంచం వేసుకుని పడుకుంటే, సరిగ్గా నెత్తిమీది కొమ్మను పట్టుకుని వేలాడుతున్నది ఆ వాండాయేనని మాత్రం ఎవరూ చెప్పరు.

దాని పూర్తి శాస్త్రీయ నామం వాండా టెసలేటా. అచ్చమైన ఆర్కిడ్. పూలదుకాణాల్లో ఒక్కో రెమ్మ లెక్కన అమ్మే ఖరీదైన ఆర్కిడ్‌లకు దగ్గరి చుట్టం. కాకపోతే ఇది అద్దాల గదుల్లో పుట్టింది కాదు. తూర్పు కనుమల్లో, నల్లమలలో, ఆదిలాబాదు అడవుల్లో, కోస్తా ఊళ్ళ పాత మామిడితోటల్లో, చింతచెట్ల మీద దానంతటది మొలిచి పెరుగుతుంది. శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్‌లలోనూ ఉంది. ఆర్కిడ్ అనగానే మంచు, చిరుజల్లు, చల్లటి కొండ గుర్తొస్తాయి కదా. ఇది మాత్రం మన మే నెల ఎండకు ఓర్చుకుని, ఆ ఎండల్లోనే పూతకొస్తుంది.

పూత లేనప్పుడు చూస్తే ఆకర్షణ ఏమీ ఉండదు. మూరెడు కాండం. దానికి అటూ ఇటూ రెండు వరసల్లో జానెడేసి ఆకులు. దళసరిగా, మధ్యకు మడిచిన కాగితంలా ఉంటాయి. కొసలు ఎవరో కొరికి వదిలేసినట్టుంటాయి. అడుగున చిటికెనవేలంత లావు వేళ్ళు తెల్లతాళ్ళలా బెరడును చుట్టుకుని ఉంటాయి. ఎండుపుల్లల మధ్య ఎండిపోయిన మరో పుల్ల అనుకుని వెళ్ళిపోతాం. పూసిన రోజున మాత్రం వాసనే ఆపుతుంది. ఆకుల సందులోంచి వచ్చిన కాడకు అయిదు నుంచి పదీ పన్నెండు దాకా పూలు. రేకులు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉండి, వాటి మీద గోధుమరంగు గళ్ళు పరుచుకుని ఉంటాయి. ఎవరో కూర్చుని చేత్తో అద్దకం వేసినట్టుంటుంది. రేకుల వెనకవైపు తెలుపు. నడుమ నాలుకలా ముందుకొచ్చిన రేకు నీలం కలిసిన ఊదారంగు. ఒక్కసారి చూసినవాళ్ళు మరో పువ్వుతో పొరబడరు.

ఇంత అందమైన మొక్కకు మన ఊళ్ళలో ఉన్న పేరు... బదనిక!

పేరుతో వచ్చిన తంటా

బదనిక అంటే చెట్టు మీద పడి చెట్టును తినే మొక్క అని తెలుగువాళ్ళందరికీ తెలుసు. మనిషిని తిట్టడానికీ ఆ మాట వాడతారు. చెట్టు మీద మరో మొక్క కనిపిస్తే చాలు, అది ఏదైనా సరే బదనికే. పాత మూలికల పుస్తకాల్లో ఈ వాండాను బదనిక అనీ, కనపచెట్టు బదనిక అనీ రాశారు. సంస్కృతంలోనూ అదే పరిస్థితి. అమరకోశం ఇలాంటి మొక్కలకు ఇచ్చిన పేర్లలో వృక్షరుహ ఒకటి, వృక్షాదని మరొకటి. మొదటిదానికి చెట్టు మీద మొలిచేదని అర్థం. రెండోదానికి చెట్టును తినేదని. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే వాండా కథంతా ఉంది. అది చెట్టు మీద మొలుస్తుంది. చెట్టును తినదు.

నిజంగా తినే బదనిక వేరే ఉంది. మామిడితోటల రైతులకు అదంటే మంట. దాని పండు జిగురుగా ఉంటుంది. పిట్టలు తిని గింజను కొమ్మకు రాస్తాయి. గింజ మొలకెత్తి, వేరులాంటి ఒక అవయవాన్ని బెరడులోంచి లోపలి కలపలోకి దింపుతుంది. అక్కణ్నుంచి చెట్టు నేలలోంచి లాగిన నీళ్ళనూ లవణాలనూ తన దారికి మళ్ళించుకుంటుంది. అతికిన చోట కొమ్మ కణుపులా ఉబ్బుతుంది. ఉబ్బుకు అవతలి కొమ్మ క్రమంగా ఎండిపోతుంది. దీనికి మందు కత్తే. ఉబ్బుకు దిగువన కొమ్మను నరికెయ్యాలి.

అసలు చిక్కు ఇక్కడే. తోటలో బదనికలు తీయించాలని కూలీలను పెట్టినప్పుడు, కొమ్మ మీద ఏది కనిపిస్తే అది లాగి కింద పారేస్తారు. రెంటికీ ఒకటే పేరు కాబట్టి రెంటికీ ఒకటే శిక్ష. పదేళ్ళో పదిహేనేళ్ళో పెరిగిన వాండా దుబ్బు ఒక్క ఊపులో ఊడివచ్చి గట్టు మీద ఎండిపోతుంది.

తేడా పట్టడం పెద్ద పనేమీ కాదు. తినే బదనికకు కలప కొమ్మలుంటాయి. ఆకులు వెడల్పుగా, మామూలు చెట్టు ఆకుల్లాగే ఉంటాయి. పూలు నారింజ, ఎరుపు రంగుల్లో సన్నటి గొట్టాల్లా గుత్తులుగా వస్తాయి. అతుకు దగ్గర ఉబ్బు తప్పనిసరి. వాండాకు ఉబ్బు ఉండదు. దాని వేళ్ళు బెరడు పైనే పాకుతాయి. గోటితో ఒక వేరును మెల్లగా లేపి చూస్తే కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంటుంది. లోపలికి దిగిన ఆనవాలే కనపడదు. అద్దెకున్నవాడు గోడకు మేకు కూడా కొట్టకుండా కాపురం చేసినట్టన్నమాట!

దానివల్ల చెట్టుకు అసలు నష్టమే లేదా అంటే, దుబ్బులు మరీ పెరిగితే ఎండుకొమ్మ బరువుకు విరగొచ్చు. అంతకుమించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

చెట్టును తినదు సరే, మరేం తింటుంది?

ప్రశ్న న్యాయమైనదే. కాళ్ళకింద మట్టి లేదు. కింది నేలలోకి వేరు దిగదు. చెట్టులోంచి చుక్క తీసుకోదు. అయినా ఏళ్ళ తరబడి బతుకుతుంది.

జవాబు ఆ తెల్లతాళ్ళలోనే ఉంది. వేరు పైన కనిపించే తెల్లటి పొరే పుస్తకంలోని వెలమిన్. అవి చచ్చిపోయిన కణాలు. లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. కాబట్టే ఎండినప్పుడు వెండిలా మెరుస్తూ కనిపిస్తుంది. తొలి చినుకు పడగానే ఆ ఖాళీ కణాలు అద్దుడు కాగితంలా నీటిని పీల్చేస్తాయి. అప్పుడు వేరు రంగు చూడాలి. కళ్ళముందే తెలుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. తడిసిన పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటికి కనిపించడమే ఇందులోని మర్మం. వేళ్ళలో కూడా పత్రహరితం ఉందన్నమాట. అంటే ఈ మొక్క ఆకులతోనే కాదు, వేళ్ళతోనూ వంట చేసుకుంటుంది. ఎవరికైనా అనుమానం ఉంటే చెంబెడు నీళ్ళు పోసి చూడొచ్చు.

ఇక ఎరువు సంగతి. పై ఆకుల మీద పేరుకున్న దుమ్ము, పిట్టల రెట్ట, పురుగుల విసర్జన, బెరడు సందుల్లో కుళ్ళిన ఆకుచెత్త... వీటన్నిటినీ కడుక్కుంటూ కిందికి జారే తొలివాన నీళ్ళలో లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఆ నీళ్ళే దీనికి విందు. దానికోసమే వేళ్ళు సిద్ధంగా కాచుకుని ఉంటాయి. వాన వెలిసిన కాసేపటికి వెలమిన్ మళ్ళీ ఆరిపోయి, లోపలికి చేరిన తడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కాపాడుతుంది.

ఎండల్లో బతికే ఉపాయం మరొకటుంది. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. ఆ తెరిచిన రంధ్రాల్లోంచి నీరూ ఆవిరైపోతుంది. నేలలో వేరున్న మొక్కకు అది సమస్య కాదు. కొమ్మ మీద ఉన్నదానికి ప్రాణసంకటం. అందుకని వాండా పగలంతా తలుపులు మూసుకుని కూర్చుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కావలసిన వాయువును తీసుకుని ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసి, దాచుకున్నదానితో ఎండలో వంట మొదలుపెడుతుంది. జెముళ్ళదీ అనాసదీ ఇదే పద్ధతి. నీటి పొదుపు ఎంత కచ్చితంగా ఉంటుందంటే, నెలల తరబడి వాన లేకపోయినా ఆకులు కాస్త ముడుచుకుంటాయి తప్ప మొక్క చావదు. అయితే ఈ పొదుపుకు మూల్యమూ ఉంది. ఎదుగుదల నత్తనడక. ఏడాదికి నాలుగైదు ఆకులు వేస్తే గొప్పే.

లక్షల్లో ఒక్కటి

పూయడం ఒక ఎత్తు, కాయడం మరో ఎత్తు. మిగతా పూలు పుప్పొడిని పొడిలా చల్లుతాయి. ఎక్కువ ఆర్కిడ్‌లు అలా కాదు. ఉన్న పుప్పొడినంతా చిన్న ముద్దలుగా చుట్టి, అడుగున జిగురు పెట్టి ఉంచుతాయి. పువ్వులో దూరిన కీటకం తలకో వీపుకో ఆ ముద్ద అంటుకుంటుంది. అది ఎగిరిపోయి మరో వాండా పువ్వులోనే దూరితే పంట పండినట్టు. దారితప్పితే పువ్వు పెట్టుబడంతా గంగలో కలిసినట్టే. ఒక్క పందెం మీద ఆస్తినంతా పెట్టే ఆట ఇది. అందుకే కాడనిండా పూలున్నా కాయలు ఒకటో రెండో నిలుస్తాయి. చాలాసార్లు అవీ ఉండవు.

నిలిచిన కాయ నెలల తరబడి ముదిరి, ఎండి, నిలువునా చీలుతుంది. లోపల్నుంచి పొగలాంటి పొడి గాలిలోకి లేస్తుంది. అవి గింజలు! ఒక్కో కాయలో వేల నుంచి లక్షల దాకా ఉంటాయి. కంటికి విడివిడిగా ఆనవు. కందిగింజలోనో కొబ్బరికాయలోనో పిల్లమొక్క కోసం తల్లి దాచిపెట్టిన తిండి ఉంటుంది కదా. ఇందులో ఆ మూట లేదు. బరువు లేకపోవడంవల్లే గాలికి అంత దూరం పోగలుగుతుంది. తిండి లేకపోవడంవల్లే పోయినచోట మొలవలేదు.

మరెలా మొలుస్తుంది? బెరడు సందుల్లో ఒక రకం బూజు పెరుగుతుంటుంది. సన్నటి దారాల్లాంటి శిలీంధ్రం. గింజ సరిగ్గా దాని పక్కన పడాలి. ఆ దారాలు గింజలోకి చొచ్చుకువస్తాయి. గింజ వాటిని లోపలే అరిగించుకుని, అందులోని పోషకాలతో మొలకెత్తుతుంది. తొలి పచ్చదనం వచ్చి సొంతంగా వంట చేసుకునేదాకా బూజే దాదీ. తమాషా చూడండి. ఒకరి మీద పడి తినడమనేది ఈ మొక్క జీవితంలో ఎప్పుడైనా ఉందంటే అది ఈ పసితనంలోనే. అప్పుడు కూడా తిన్నది బూజును, చెట్టును కాదు!

ఆర్కిడ్ గింజకూ బూజుకూ ఉన్న ఈ సంబంధాన్ని 1899లో ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ బెర్నార్ కనిపెట్టాడు. 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ బూజు అవసరం లేకుండా, చక్కెర కలిపిన జెల్లీ మీద గాజుసీసాలో గింజలు మొలిపించాడు. ఇవాళ పూలదుకాణాల్లో ఆర్కిడ్‌లు అంత విరివిగా దొరుకుతున్నాయంటే దాని వెనక ఆ చక్కెర జెల్లీ ఉంది. అడవిలో మాత్రం పాత పద్ధతే. లక్షల గింజల్లో బూజు దొరికినవి కొన్ని. వాటిలో ఎండకు మాడకుండా మిగిలినవి కొన్ని. మొలిచినదాకా లెక్క ఒకటైతే, మొలిచి తొలిపూత పూసేసరికి మళ్ళీ కొన్నేళ్ళు. కూలీ ఒక్క ఊపులో లాగేసేది ఈ లెక్కలన్నిటినీ దాటుకుని వచ్చినదాన్ని.

సామర్లకోట నుంచి సింగపూర్ దాకా

ఈ మొక్కను ప్రపంచానికి పరిచయం చేసిన ఊరు తెలుగునాట ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. అది సామర్లకోట. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా మద్రాసుకు వచ్చిన స్కాట్లండువాసి విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి చేరుకున్నాడు. రోగుల నాడి చూడటంకంటే మొక్కల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. మిరియాలు, కాఫీ, చెరకు, నీలిమందు వంటి పంటలతో అక్కడ ప్రయోగాలు చేశాడు. చుట్టుపక్కల అడవుల్లో, పొలాల్లో దొరికిన ప్రతి మొక్కనూ వర్ణించి రాసుకున్నాడు. దేశీ చిత్రకారులను పెట్టుకుని ఒక్కో మొక్కకూ నిలువెత్తు బొమ్మ వేయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యతలు తీసుకుని వెళ్ళేదాకా ఆ పని సాగింది.

ఆ బొమ్మల్లో ఎంపిక చేసిన 300 మొక్కలతో లండన్‌లో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరిట మూడు సంపుటాలు వెలువడ్డాయి. ప్రచురణ 1795లో మొదలైంది. తొలి సంపుటంలోనే 42వ చిత్రంగా మన బదనిక ఉంది. గళ్ళగళ్ళ రేకులను బట్టి రాక్స్‌బర్గ్ దానికి ఎపిడెండ్రమ్ టెసలేటమ్ అని పేరు పెట్టాడు. ఎపిడెండ్రమ్ అంటే చెట్టు మీద ఉండేదని అర్థం. అప్పట్లో చెట్ల మీది ఆర్కిడ్‌లను ఎక్కువగా ఆ ఒక్క గాటనే కట్టేసేవారు. టెసలేటమ్ అంటే చదరపు పలకలు పరిచినట్టున్నది. బొమ్మ వేసిన చిత్రకారుడి పేరు మాత్రం పుస్తకంలో లేదు. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైనే. అవి ఇప్పటికీ కోల్‌కతాలోనూ లండన్ దగ్గరి క్యూ గార్డెన్స్‌లోనూ భద్రంగా ఉన్నాయి. వాటి వెనక ఉన్న చేతుల్లో ఎక్కువమంది ఎవరో తెలియదు. ఆ గళ్ళను లెక్కతప్పకుండా దింపిన మనిషి మన గోదావరి ప్రాంతంవాడైనా అయి ఉండొచ్చు.

చిత్రంగా అదే 1795లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో సర్ విలియం జోన్స్ రాసిన వృక్షాల వర్ణనలు అచ్చయ్యాయి. సంస్కృత పండితుడిగా పేరుపొందిన ఆ న్యాయమూర్తి అప్పటికి ఏడాది కిందటే కన్నుమూశాడు. ఆయన ఇలాంటి మొక్కను సంస్కృతంలోని 'వంద' అనే పేరుతోనే పిలిచాడు. అమరకోశంలో వృక్షాదని పక్కనే ఉన్న పేరది. 1820లో రాబర్ట్ బ్రౌన్ ఆ పేరునే లాటిన్ శాస్త్రభాషలోకి తీసుకుని 'వాండా' అనే ప్రజాతిని ఏర్పాటు చేశాడు. దానికి ఆధారంగా తీసుకున్న మొక్క మన గళ్ళపువ్వే. రాక్స్‌బర్గ్ గౌరవార్థం దాన్ని వాండా రాక్స్‌బర్గై అన్నాడు. ముందు పెట్టిన పేరుకే మన్నన అన్న నియమంవల్ల తరవాత టెసలేటా తిరిగి వచ్చింది. పాత ఆయుర్వేద పుస్తకాల్లో ఇప్పటికీ రాక్స్‌బర్గై అనే కనిపిస్తుంది. రెండూ ఒకటే.

అలా బదనిక అని మనం ఈసడించిన మాటకు సంస్కృత రూపమే దేశదేశాల్లో డజన్లకొద్దీ అందమైన ఆర్కిడ్‌లకు ఇంటిపేరైంది. 1981లో సింగపూర్ తన జాతీయ పుష్పంగా ఎంచుకున్నది 'వాండా మిస్ జోకిమ్'. 1893లో వెలుగులోకి వచ్చిన సంకర పువ్వది. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు దాన్ని వేరే ప్రజాతిలోకి మార్చేసినా జనం నోట వాండాగానే మిగిలింది. ఆర్కిడ్ పెంపకందార్లు మన గళ్ళపువ్వును కూడా వదల్లేదు. దాని సువాసన కోసం, నీలిరంగు పెదవి కోసం, ఎండను తట్టుకునే గుణం కోసం ఎన్నో సంకరాల్లో వాడుకున్నారు.

కొట్లో రాస్నా... ఎవరి రాస్నా?

వాండాకు మరో గండం మందుల దుకాణం. వాతానికీ కీళ్ళనొప్పులకూ ఆయుర్వేదంలో రాస్నాకు పెద్దపీట. మహారాస్నాది కషాయం పేరు వినని ఇల్లుండదు. కానీ రాస్నా అంటే ఏ మొక్క? ఉత్తరాదిన అడిగితే ఒకటిస్తారు, దక్షిణాదిన మరొకటి. ప్రభుత్వ ఆయుర్వేద ఫార్మకోపియా గుర్తించినది ప్లూచియా లాన్సియోలేటా అనే నేలమొక్క ఆకులను. మన వైపు రాస్నా అంటే అల్లంలాంటి దుంపరాష్ట్రం. బెంగాల్ దిక్కున మాత్రం తరతరాలుగా వాండా టెసలేటా వేళ్ళనే రాస్నా అన్నారు. మూడింటికీ బంధుత్వం ఏమీ లేదు. రూపం వేరు, రసాయనాలు వేరు.

వాండా వేళ్ళలో వాపు తగ్గించే గుణాలున్నాయా అన్నది ప్రయోగశాలల్లో జంతువుల మీద పరీక్షిస్తున్నారు. మనుషులకు మందుగా రుజువు కావడం అనేది వేరే సంగతి. ఇక్కడ చెప్పుకోవలసింది మరొకటి. దుంపరాష్ట్రం కావాలంటే చేలో వేసుకోవచ్చు, తవ్వుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు. వాండాకు వేరు కోస్తే అది మొక్క నోరూ చేతులూ కలిపి నరికినట్టు. తాగేదీ దాంతోనే, పట్టుకుని నిలబడేదీ దాంతోనే. ఏడాదికి నాలుగాకులు వేసే మొక్క తిరిగి కోలుకునేదెప్పుడు?

చెట్టు పోతే...

ఆర్కిడ్‌ల కోసం అడవుల్ని ఖాళీ చేసిన చరిత్ర పాతదే. 1850లో ఖాసీ కొండలకు వెళ్ళిన ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ అక్కడి నీలి వాండాను ఏడుగురు మోసేటంత సేకరించి ఇంగ్లండుకు పంపాడు. వాటిలో బతికి చేరినవి అతి కొద్ది. మరో పెద్దమనిషి ఒక్క మనిషి మోతంత పంపితే 300 పౌన్లు వచ్చాయని ఆయనే తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. ఆ ధరలు విన్నవాళ్ళు ఊరుకుంటారా! దరిమిలా నీలి వాండా ఎంత అరుదైపోయిందంటే, వన్యప్రాణి రక్షణ చట్టం కింద ప్రత్యేకంగా కాపాడవలసిన కొద్దిపాటి మొక్కల్లో దాన్ని చేర్చారు. 2022 సవరణ తరవాత ఆ జాబితా మూడో షెడ్యూలులో ఉంది.

మన గళ్ళ వాండా ఆ జాబితాలో లేదు. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఉంది కాబట్టి ఎగుమతికి మాత్రం ఆంక్షలున్నాయి. రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా పీకడమూ నేరమే. కానీ దీనికి అసలు ముప్పు దొంగలనుంచి రావడంలేదు. ఊరి మామిడితోటకూ రోడ్డుపక్క చింతకూ ఏ షెడ్యూలూ వర్తించదు.

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో 1,256 రకాల ఆర్కిడ్‌లున్నాయి. వాటిలో 757 చెట్ల మీద బతికేవే. వాటికి ఏ చెట్టయినా పనికిరాదు. బెరడు గరుకుగా ఉండాలి, పగుళ్ళుండాలి, ఆ పగుళ్ళలో కాస్త చెత్త చేరాలి, బూజు పట్టాలి. ఏటా బెరడు ఊడగొట్టుకునే నీలగిరి చెట్టు మీద వేరు నిలవదు. నున్నటి లేత మొక్క మీదా నిలవదు. వాండాకు కావలసింది ముసలి చెట్టు. నాటు మామిడి, చింత, ఇప్ప, నేరేడు. సరిగ్గా ఇవే పోతున్నాయి. నాటు మామిడి తీసేసి దగ్గరదగ్గరగా అంటుమొక్కలు వేస్తున్నారు. తోటలు ప్లాట్లవుతున్నాయి. రహదారి వెడల్పు చేసేటప్పుడు తాతలనాటి చెట్లు వరసగా నేలకొరుగుతాయి. ఎన్ని చెట్లు కొట్టారో లెక్క రాస్తారు. బదులుగా ఎన్ని నాటాలో కూడా రాస్తారు. ఆ చెట్ల మీద ఏమున్నాయో రాసే గడి ఆ కాగితంలో ఉండదు. చెట్టును వేళ్ళతో సహా లేపి మరోచోట నాటే పద్ధతి వచ్చాక కూడా వీటికి మేలు జరగలేదు. లేపేముందు కొమ్మలన్నీ నరికేస్తారు. కాపురాలున్నది ఆ కొమ్మల మీదే.

నేలను నమ్ముకున్న మొక్కయితే మొదలు కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. దీనికి నేల లేదు. కిందపడ్డ కొమ్మతోపాటు మట్టిలో పడితే వేళ్ళకు గాలాడక కుళ్ళిపోతుంది. చెట్టులోంచి చుక్క తీసుకోని మొక్కకు చెట్టు పోతే చావే గతి కావడం విచిత్రమే.

సిక్కింలోని పాక్యాంగ్‌లో 1996నుంచి జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. బొటానికల్ సర్వేవారికి తమిళనాడులోని ఏర్కాడులో, షిల్లాంగ్‌లో ఆర్కిడ్ తోటలున్నాయి. వాండా టెసలేటాను టిష్యూకల్చర్ పద్ధతిలో పెంచడం సాధ్యమేనని పరిశోధకులు ఎప్పుడో చేసి చూపించారు. సీసాల్లో పుట్టిన పిల్లలను తిరిగి చెట్లెక్కించే పని మన ఊళ్ళదాకా రావాలంటే ముందు ఇక్కడ చెట్లుండాలి.

కొమ్మ విరిగిపడితే...

గాలివానకు విరిగిపడిన కొమ్మతోనో, కొట్టేసిన చెట్టుతోనో వాండా నేలమీదికి వచ్చిందంటే దాన్ని బతికించుకోవడం కష్టమేమీ కాదు. అలాగని నిలబడివున్న చెట్టు ఎక్కి పీకి తెచ్చుకోవడానికి ఇది అనుమతి పత్రం కాదు!

పట్టుకుని లాగితే వేళ్ళు తెగిపోతాయి. వేళ్ళు అంటుకుని ఉన్న బెరడు ముక్కతో సహా కత్తితో తీయాలి. కుళ్ళినవి, నలిగినవి కత్తిరించేయాలి. కుండీలో మట్టి పోసి నాటితే మాత్రం పది రోజుల్లో ప్రాణం పోతుంది. ఇది అందరూ చేసే పొరపాటు. పెరట్లో మామిడో సపోటానో ఉంటే, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడపడే వైపున, మనిషెత్తులో కొమ్మ చూసుకోవాలి. నూలుతాడుతోగానీ కొబ్బరిపీచు తాడుతోగానీ కదలకుండా కట్టాలి. ఇనుప తీగ వద్దు, అది అటు చెట్టునూ ఇటు మొక్కనూ కోస్తుంది. తొలకరికి ముందు కడితే వానలే సగం పని చూసుకుంటాయి. వాన లేని రోజుల్లో ఉదయం పూట వేళ్ళు తెలుపు పోయి పచ్చబడేదాకా నీళ్ళు చల్లితే చాలు. సాయంత్రానికి మళ్ళీ తెల్లబడాలి. తెల్లబడకుండా రోజంతా తడిగానే ఉంటోందంటే నీళ్ళు ఎక్కువయ్యాయని అర్థం.

మొదటి ఏడాది పూలు ఆశించకూడదు. ఆకులు ముడతపడి ఉన్నా కంగారుపడనక్కర్లేదు. చూడాల్సింది వేళ్ళ కొసలను. బతుకుతున్న వేరుకు చివర అరంగుళం మేర తాజా ఆకుపచ్చ కనిపిస్తుంది. ఆ కొసలు బెరడును తాకి చదునుగా పరుచుకున్నాయంటే ఇక తాడు విప్పెయ్యొచ్చు.